వజ్రాల వేటలో స్త్రీలు: కృష్ణా తీరపు మూలాధారాలు

కృష్ణానది కుడి గట్టున, నేటి పల్నాడు జిల్లా బెల్లంకొండ మండలంలో ఉండిన కొల్లూరు 17వ శతాబ్దంలో లోకమంతా పేరుమోసిన వజ్రాల గని. 1848 తర్వాత బంగారం కోసం కాలిఫోర్నియాకు జనం ఎగబడ్డారు. అంతకు రెండు వందల ఏళ్ళ ముందే వజ్రం పేరు చెప్పుకొని ఈ ఊరికి వేలమంది వచ్చి చేరారు. వాళ్ళలో ఆడవాళ్ళూ పిల్లలూ ఉన్నారని కళ్ళారా చూసినవాళ్ళే రాసిపెట్టారు. ఆ రాతల్లో ఒక్క కూలి స్త్రీ పేరు కూడా కనబడదు. ఆమె మాట్లాడిన మాట ఒక్కటీ లేదు. ఆమె చేసిన పని మాత్రం ఉంది, అదీ చాలా వివరంగా. కాబట్టి ఈ మూలాధారాలను చదవడమంటే ముందుగా వాటిలోని క్రియలను చదవడం: మోసింది, పోసింది, ముంచింది, చెరిగింది. మనిషిని పేరుతో పట్టుకోలేనప్పుడు పనితో పట్టుకోవాలి.

కాలిఫోర్నియా సంగతి వేరు. అక్కడ లూయిస్ క్లాప్ అనే డాక్టరుగారి భార్య 1851, 1852లలో రిచ్ బార్ గనుల ప్రాంతం నుంచి తన చెల్లెలికి 23 ఉత్తరాలు రాసింది. డేమ్ షర్లీ అన్న కలం పేరుతో అవి తర్వాత పత్రికలో అచ్చయ్యాయి. గుడారాల్లో ఏం వండుకున్నారో, ఎవరికి జబ్బు చేసిందో, చుట్టూ ఎందరు ఆడవాళ్ళున్నారో ఆమె తన కళ్ళతో చూసి చెప్పింది. అయినా అది చదువుకున్న తెల్లజాతి స్త్రీ చూపు. అదే నేల మీద ముందునుంచీ ఉన్న ఆదివాసీ స్త్రీలు ఆ ఉత్తరాల్లో సొంత గొంతుతో వినిపించరు. కొల్లూరుకు అలాంటి షర్లీ కూడా లేదు. మనకున్న సాక్షులంతా మగవాళ్ళే, పరదేశులే, ముప్పాతిక మంది వర్తకులే.

రాణి కనబడింది, కూలి కనబడలేదు

తెలుగుసీమ వజ్రాల గురించి బయటివాళ్ళు రాసిన పాత వర్ణనల్లో మార్కో పోలోది ప్రసిద్ధం. 13వ శతాబ్దం చివర అతను చెప్పిన ముట్ఫిలి మన మోటుపల్లి రేవు. ఆ దేశాన్ని ఒక రాణి ఏలుతోందనీ, న్యాయం తప్పని మనిషనీ మెచ్చుకున్నాడు. ఆమె రుద్రమదేవి. వానలు కురిశాక వాగుల్లో వజ్రాలు ఏరుతారనీ, పాముల లోయల్లో మాంసం ముక్కలు విసిరితే గద్దలు రాళ్ళతో సహా ఎత్తుకొస్తాయనీ కూడా చెప్పాడు.

ఒకే వర్ణనలో మూడు రకాల మాటలున్నాయి. వానల తర్వాత రాళ్ళు ఏరడం నిజం. ఇప్పటికీ తొలకరికి రాయలసీమ చేలల్లో జరుగుతున్నదే. గద్దల కథ దేశదేశాలు తిరిగిన పుక్కిటి పురాణం. రాణి సంగతిలో మాత్రం నిజమూ పొరపాటూ కలిసిపోయాయి. ఆమె చనిపోయిన రాజు భార్య అని అతను అనుకున్నాడు, నిజానికి ఆమె గణపతిదేవుడి కూతురు. గద్దె మీద ఆడమనిషి కూర్చుంటే ఎవరో రాజు వితంతువే అయ్యుంటుందన్న లెక్క అతనిది. సాక్షి చూసినది ఒకటి, తనకు తెలిసిన మూసలో పోసి చెప్పినది ఇంకొకటి. స్త్రీల గురించిన పాత రాత ఏది చేతికొచ్చినా ముందు ఈ తేడా పట్టుకోవాలి.

బందరు కోఠీల చూపు

కొల్లూరు గనిని గురించిన తొలి ఇంగ్లీషు వర్ణన రాసినవాడు బందరులో కొలువు చేసినవాడే. బందరు అంటే మచిలీపట్నమే. అక్కడ డచ్చివాళ్ళు 1605లో, ఇంగ్లీషువాళ్ళు 1611లో వర్తక కోఠీలు పెట్టారు. పెడన, బందరు చుట్టుపక్కల నేసి, చిరివేరు రంగులో ముంచిన బట్ట కోసం వచ్చినవాళ్ళే నది పైకి వెళ్ళి గనిని చూసి వచ్చారు. ఇంగ్లీషు కోఠీలో 1618 నుంచి 1622 వరకూ పనిచేసిన విలియం మెథ్వోల్డ్ రాసిన గోల్కొండ వర్ణన 1626లో లండన్‌లో అచ్చయింది. డబ్ల్యు.హెచ్. మోర్లాండ్ దాన్ని మరో రెండు డచ్చి రాతలతో కలిపి 1931లో హాక్లూయిట్ సొసైటీ తరఫున ప్రచురించాడు. దిగువ కృష్ణ చరిత్ర చదవాలనుకునే ఎవరికైనా ఆ సంపుటం తప్పదు.

మెథ్వోల్డ్ లెక్కల్లో మనిషి. ఏడాదికి 3,00,000 వరహాలకు గని గుత్తకిచ్చారనీ, పది క్యారెట్లు దాటిన రాయి ఏదైనా గోల్కొండ సుల్తానుకే చెందుతుందనీ రాశాడు. పనిలో ఉన్నవాళ్ళు దాదాపు 30,000 మంది అన్నాడు. కొందరు తవ్వుతున్నారు, కొందరు తట్టలకు ఎత్తుతున్నారు, కొందరు నీళ్ళు తోడుతున్నారు, కొందరు మట్టిని చదునైన కళ్ళం లాంటి చోటికి మోస్తున్నారు. గిలకలూ యంత్రాలూ ఏమీ లేవు. ఒకరి పైన ఒకరు వరసగా కూర్చుని చేతుల మీదుగా పైకి అందించుకుంటున్నారు. ఇదీ అతను చూసిన దృశ్యం.

ఇక్కడ అతను జనాన్ని పనిని బట్టి విడదీశాడు తప్ప ఆడా మగా అని విడదీయలేదు. అదే పుస్తకంలో సహగమనం గురించి, గుళ్ళలోనూ ఊరేగింపుల్లోనూ ఆడే స్త్రీల గురించి మాత్రం విడిగా రాశాడు. చితి ఎక్కే స్త్రీ, ఆటకత్తె పరదేశికి వింత. తట్ట ఎత్తే ఆడమనిషి అతనికి వింత కాదు, అందుకే 30,000 అన్న అంకెలో కలిసిపోయింది. ఆనాటి యాత్రా రచనలన్నింటికీ ఉన్న జాడ్యమిది. వాటినుంచే తెలుగు స్త్రీల జీవితాన్ని కట్టుకుంటూ పోతే సహగమనాలూ ఆటపాటలూ తప్ప ఇంకేమీ మిగలవు. రోజువారీ బతుకు కావాలంటే రచయిత ఆడవాళ్ళ గురించి అనుకోకుండా రాసిన పుటలకే వెళ్ళాలి.

టావెర్నియే: పని పంపకం

ఫ్రెంచి రత్నాల వర్తకుడు జాన్ బాప్తిస్త్ టావెర్నియే యాత్రా గ్రంథం 1676లో పారిస్‌లో వెలువడింది. భూగర్భ శాస్త్రజ్ఞుడు వాలెంటైన్ బాల్ 1889లో దాన్ని ఇంగ్లీషులోకి తెచ్చాడు. కొల్లూరుకు అతను ఇచ్చిన రెండు పేర్లలో ఒకటి ‘గని’. ఊరి పేరు అడిగితే దగ్గరున్నవాళ్ళు గని అని చెప్పి ఉంటారు. ఆ మాట పరదేశి పుస్తకంలోకి అలాగే నడిచి వెళ్ళింది.

తాను మొదటిసారి వెళ్ళినప్పుడు మగవాళ్ళు, ఆడవాళ్ళు, పిల్లలు కలిసి 60,000 మంది దాకా పనిచేస్తున్నారని అతను రాశాడు. అంకెను గుడ్డిగా నమ్మనక్కర్లేదు. ఎవరూ తలలు లెక్కపెట్టలేదు. అంకె కన్నా దాని వెంట వచ్చిన వాక్యమే విలువైనది: తవ్వేది మగవాళ్ళు, మట్టి మోసేది ఆడవాళ్ళూ పిల్లలూ. మెథ్వోల్డ్ దగ్గర కలిసిపోయిన జనం ఇక్కడ విడివడ్డారు.

పని మొదలయ్యే ముందు జరిగే తంతును కూడా అతను చూశాడు. తవ్వబోయే చోటికి దగ్గర్లో రెండడుగుల ఎత్తు గోడలతో ఒక ఆవరణ కట్టి, గోడల అడుగున నీళ్ళు పోయేందుకు కన్నాలు ఉంచి, అప్పటికి మూసిపెడతారు. పని చేయించే ఆసామి, అతని చుట్టాలు, కూలీలు ఆడా మగా పిల్లలతో సహా అక్కడ చేరతారు. దేవుడి విగ్రహానికి మూడుసార్లు సాగిలపడతారు. పూజారి నుదుట బొట్టు పెట్టి దానిమీద బియ్యపు గింజలు అద్దుతాడు. తర్వాత వరసగా కూర్చోబెట్టి విస్తళ్ళలో అన్నం, కరిగిన నెయ్యి వడ్డిస్తారు. భోజనం కాగానే గునపం దిగుతుంది. కొత్త ఇంటికి శంకుస్థాపన చూసిన తెలుగువాళ్ళకు ఈ దృశ్యం అర్థం కావడానికి ఏ వ్యాఖ్యానమూ అక్కర్లేదు. కూలి ఆడవాళ్ళు కూడా బొట్టు పెట్టించుకొని బంతిలో కూర్చున్నారన్నది గమనించాల్సిన సంగతి. వాళ్ళు ఈ సాహసంలో లెక్కకు వచ్చిన మనుషులే. రాయి దొరికితే వచ్చే ఫలంలో మాత్రం వాళ్ళకు వాటా ఉన్నట్టు ఎక్కడా కనబడదు.

గుంట 10, 12, ఒక్కోసారి 14 అడుగుల లోతు పోతుంది. నీరు తగిలితే అక్కడ ఇక ఆశ లేదు. ఈ లోతులు అతను ఇచ్చినవే. మోత బరువు తెలియాలంటే మనం ఒక చిన్న లెక్క వేసుకోవచ్చు. పొడవు వెడల్పులు ఇరవై అడుగులున్న గుంటను 12 అడుగులు తవ్వితే 4,800 ఘనపుటడుగుల మట్టి. తట్టకు అర ఘనపుటడుగు పడుతుందనుకుంటే 9,600 తట్టలు. ఒక్కో తట్ట ఇరవై కిలోలకు తగ్గదు. నెత్తిన చుట్టకుదురు, దానిమీద తట్ట, వెనకాల పిల్లవాడి నెత్తిన అంతకన్నా చిన్న తట్ట. అదంతా అయ్యాక ఆవరణలోని మట్టి మీద నీళ్ళు పోయాలి. గుంటలో ఊరిన నీటినే కుండలతో తోడి తెచ్చి పోస్తారు. ఇందులో ఆడా మగా పిల్లలూ అందరూ చేరతారు. ఒకటి రెండు రోజులు నానితే మట్టి చిక్కటి జావలా అవుతుంది. అప్పుడు కన్నాలు తెరిచి బురదనీటిని వదిలేస్తారు. మళ్ళీ నీళ్ళు, మళ్ళీ వదలడం. చివరికి ఇసుక మిగులుతుంది.

చేట ఎవరి చేతిలో

ఇసుక ఎండాక చేటల లాంటి చిన్న బుట్టల్లో వేసి ధాన్యం చెరిగినట్టు చెరుగుతారు. దుమ్ము ఎగిరిపోతుంది, బరువైనది మిగులుతుంది. దాన్ని నేల మీద పరిచి పెద్ద పెద్ద కర్ర రోకళ్ళ లాంటి వాటితో దంచుతారు. మళ్ళీ చెరుగుతారు. మళ్ళీ పరిచి, ఒక పక్కన వరసగా చేరి చేతులతో వెతుకుతారు.

చెరిగింది ఆడవాళ్ళా మగవాళ్ళా అన్నది టావెర్నియే చెప్పలేదు. తవ్వడం, మోయడం దగ్గర పంపకం చెప్పినవాడు ఇక్కడికి వచ్చేసరికి ‘వాళ్ళు’ అని ఊరుకున్నాడు. తెలుగు పాఠకులకు మాత్రం ఈ వాక్యం దగ్గర మనసు ఆగుతుంది. వంటింటి గుమ్మంలో కూర్చుని బియ్యం బాగుచేసే అమ్మ చేతులు గుర్తొస్తాయి. మొదట చెరగడం: చేటను పైకి ఎగరేసి పట్టుకుంటే పొట్టు ముందుకు పోతుంది. తర్వాత నేమడం: చేటను కొద్దిగా వంచి, మణికట్టుతో పక్కకు కదుపుతూ ఉంటే రాళ్ళు ఒక వారకు, బియ్యం ఒక వారకు విడిపోతాయి. చూసినంత సేపు తేలికే, మనం పట్టుకుంటే రాదు. బరువును బట్టి గింజను విడదీసే విద్య అది. వజ్రం సాంద్రత 3.5, మామూలు ఇసుకలోని పలుగురాయి సాంద్రత 2.65. ఈ తేడాను చేత్తో పసిగట్టే నేర్పు తెలుగింటి ఆడపిల్లకు పదేళ్ళకే అబ్బేది.

అంతమాత్రాన గనిలో చేట పట్టింది ఆడవాళ్ళేనని తేల్చేయకూడదు. ఇంట్లో నేమడం ఆడవాళ్ళ పని అయితే, కళ్ళంలో తూర్పారబట్టడానికి మగవాళ్ళూ నిలబడతారు. కొల్లూరు ఆవరణ ఇల్లూ కాదు, కళ్ళమూ కాదు. పైగా రాయి కంటబడే ఘట్టమది. కాపలా గట్టిగా ఉండేచోట ఎవరిని నిలబెట్టారో ఆసామి నమ్మకాన్ని బట్టి ఉంటుంది. ఈ వ్యాసకర్త మొగ్గు ఆడవాళ్ళ వైపే. అది ఊహ అని చెప్పి మరీ ఊహించాలి.

రోకలి గురించి ఇంకో మాట ఉంది. అంతకు ముందు కర్రతో కాక పెద్ద రాళ్ళతో దంచేవారనీ, అందువల్లే చాలా వజ్రాల్లో పగుళ్ళు వచ్చాయనీ టావెర్నియే చెప్పాడు. అంటే ఆ కాలపు వజ్రం ఏదైనా చేతికి వస్తే అందులోని పగులు కూడా ఒక మూలాధారమే. రాసిన చేతులు పరదేశులవి అయినా, ఆ దెబ్బ వేసిన చేతులు కూలీలవే.

మూడు వరహాల బతుకు

తాను చూసిన మరో గని రామళ్ళకోటలో పని బాగా తెలిసిన కూలికి కూడా ఏడాదికి మూడు వరహాలే ముట్టేవని టావెర్నియే రాశాడు. ఆడవాళ్ళకెంత అన్నది అతను రాయలేదు. మెథ్వోల్డ్ చెప్పిన గుత్త మొత్తం పక్కన పెట్టి చూస్తే, ఒక్క ఏడాది గుత్త లక్షమంది కూలీల ఏడాది జీతం. కాలమూ గనీ వేరు కాబట్టి ఇది కచ్చితమైన పోలిక కాదు, కానీ ఎత్తుపల్లం ఎంతో తెలుస్తుంది. యాభైమంది కూలీలకు పన్నెండు పదిహేనుమంది కాపలా ఉండేవారట. రాళ్ళు మింగేవాళ్ళున్నారు. కంటి కొసలో దాచుకున్నవాడొకడు పట్టుబడ్డాడు.

అదే రామళ్ళకోటలో ప్రొద్దున్నే చెట్టు కింద చేరి వజ్రాల బేరాలు నేర్చుకునే వర్తకుల పిల్లలను అతను ముచ్చటగా వర్ణించాడు. పది నుంచి పదహారేళ్ళ పిల్లలు, ఒక పక్క తూనికరాళ్ళ సంచి, ఇంకో పక్క వరహాల సంచి. అందరూ మగపిల్లలే. ఆ వయసు ఆడపిల్లలు కొల్లూరులో తట్టలు మోస్తున్న పిల్లల్లో ఉన్నారు. ఈ రెండు దృశ్యాలూ ఒకే పుస్తకంలో ఉన్నా, వాటిని పక్కపక్కన పెట్టాల్సింది మనమే.

ఆడవాళ్ళు ఒక నిర్ణయంలో పాలుపంచుకున్న జాడ ఒక్కటి కనిపిస్తుంది. 1677లో ఇంగ్లండు ఎర్ల్ మార్షల్ సమర్పించగా రాయల్ సొసైటీ పత్రికలో వజ్రాల గనుల మీద ఒక నివేదిక అచ్చయింది. గోల్కొండ రాజ్యంలో 23, బిజాపూరు రాజ్యంలో 15 గనులను పేరుపేరునా చెప్పిన నివేదిక అది. తవ్వేవాళ్ళూ తవ్వించేవాళ్ళూ తెలుగువాళ్ళేననీ, కొనేవాళ్ళు గుజరాతీ వర్తకులనీ అందులో ఉంది. మంచి బట్ట కట్టుకుంటే బాగుపడ్డారని అధికారి పన్ను పెంచుతాడన్న భయంతో వాళ్ళు గోచిపాతలతోనే తిరిగేవారట. ధాన్యం, ఉప్పు, పొగాకు, తమలపాకు రెట్టింపు ధరకు కొనుక్కోవాలి. అందుకే తెలివైనవాళ్ళు పెద్ద రాయి దొరికితే గుట్టుగా దాచి, అదను చూసి పెళ్ళాం పిల్లలతో సహా బిజాపూరు సీమకు పారిపోతారని ఆ నివేదిక చెబుతుంది.

పెళ్ళాం పిల్లలతో సహా అన్న ఆ ముక్క దగ్గర కాసేపు ఆగాలి. పారిపోవడమంటే గుట్టు ఇంట్లో అందరికీ తెలియాలి. రాయిని కొన్ని వారాలు ఎక్కడో దాచాలి. పిల్లలు నోరు జారకుండా చూసుకోవాలి. కుండా చట్టీ వదిలేసి, పొయ్యి ఆరకముందే బయల్దేరాలి. నివేదిక భర్తను కర్తగా పెట్టి వాక్యం ముగించింది. ఆ పని భార్య లేకుండా ఒక్క రోజు కూడా సాగదు. ఉప్పు రెట్టింపు ధర అన్నా అంతే. ఆ భారం మొదట తెలిసేది కూడు వండే మనిషికే.

తెలుగు రాతలూ, నేత ఇళ్ళ పాఠమూ

మన భాషలోని ఆధారాలు ఇంతకన్నా ఎక్కువ చెబుతాయని ఆశపడతాం. కర్నల్ కాలిన్ మెకంజీ కోసం కావలి సోదరులూ, వారి మనుషులూ ఊరూరా తిరిగి 19వ శతాబ్దం మొదట్లో సేకరించిన కైఫియత్తులు తెలుగుసీమ చరిత్రకు పెన్నిధి. అవి కరణాల నోటి నుంచీ, వాళ్ళ దగ్గరి పాత కవిలెల నుంచీ వచ్చినవి. గుడి, మాన్యం, శిస్తు, దొరల వంశం వాటి విషయాలు. అక్కడ స్త్రీ కనబడేది దాతగానో, వంశవృక్షంలో తల్లిగానో. శాసనాల తీరూ అంతే. మాన్యం లేని మనిషికి కవిలెలో చోటు లేదు. మన గ్రంథాలయాల్లో కాక, హేగ్‌లోని డచ్చి దస్త్రాల్లో, లండన్‌లోని కంపెనీ ఉత్తరాల్లో వెతకాల్సి రావడానికి కారణం ఇదే. విలియం ఫాస్టర్ సంకలనం చేసిన ఇంగ్లీషు కోఠీల సంపుటాలు బందరు ఉత్తరాల సారాంశాలతో నిండి ఉన్నాయి.

ఈ లోటును పూడ్చుకునే ఉపాయం పెడనలో ఏ నేత ఇంటికి వెళ్ళినా కనిపిస్తుంది. మగ్గం గుంటలో కూర్చున్నవాడిని నేతగాడు అంటాం. సంఘం పుస్తకంలో ఉండేది అతని పేరే. పక్కన అరుగు మీద రాట్నం ముందు కూర్చున్న ఆమె కండెలు చుట్టి అందించకపోతే నాడె ఒక్క గజం కూడా కదలదు. ఆసు పోయడం నుంచి కండె దాకా ఆమె చెయ్యి లేని దశ లేదు. బట్ట మీద, లెక్కలో ఆమె ఉండదు. కుటుంబమంతా కలిసి చేసే పనిని దస్త్రం ఒక్క మగవాడి పేరున రాసుకుంటుంది. ఇది తెలిసినవాళ్ళు కొల్లూరు రాతల్లో ‘కూలి’ అన్న మాట చూసినప్పుడు ఒక మనిషిని కాక ఒక ఇంటిని ఊహిస్తారు. మూడు వరహాలు ఒకరి జీతమా, ఒక ఇంటి జీతమా అని అడుగుతారు. మెథ్వోల్డ్ ఈ తీరపు రంగు బట్టను, వజ్రాన్ని ఒకే పుస్తకంలో వర్ణించాడు. రెండింటి వెనకా ఉన్నది ఒకే రకం ఇల్లు.

నీట మునిగిన ఊరు

1687లో గోల్కొండ మొగలుల చేతికి పోయింది. 18వ శతాబ్దంలో బ్రెజిల్ వజ్రాలు బజారుకొచ్చాయి. కొల్లూరు మళ్ళీ పల్లె అయింది. 1766లో ఉత్తర సర్కారులను ఇంగ్లీషువాళ్ళకు వదిలేసిన నిజాం, కంచికచర్ల దగ్గరి పరిటాల వంటి వజ్రాల ఊళ్ళను మాత్రం చేతిలో ఉంచుకున్నాడు. అందుకే 1947లో కూడా కృష్ణా జిల్లా నడుమ ఆ ఊళ్ళు హైదరాబాదు ముక్కగా మిగిలాయి.

పనిచేసిన స్త్రీల జాడ కాగితాల్లో లేకపోతే మట్టిలో వెతకాలి: పగిలిన కుండపెంకులు, పొయ్యి రాళ్ళు, నీటి ఆవరణల పునాదులు. కొల్లూరు విషయంలో ఆ దారి కూడా ఇరుకైపోయింది. ఆ నేల ఇప్పుడు పులిచింతల జలాశయం కింద ఉంది. అదే నీరు ప్రకాశం బ్యారేజీ దగ్గర మళ్ళి, కాలువల వెంట పెడన చేల దాకా వస్తుంది.

వేట ఆగిపోలేదు. ఎన్టీఆర్ జిల్లా చందర్లపాడు మండలం గుడిమెట్ల కొండల్లోనూ, కర్నూలు జిల్లా జొన్నగిరి, తుగ్గలి, అనంతపురం జిల్లా వజ్రకరూరు చేలల్లోనూ వాన పడగానే జనం కళ్ళు నేలకు అతికించుకొని నడుస్తారు. వాళ్ళలో పనులు మానుకొని, అన్నం క్యారియర్లతో, చంటిపిల్లలతో వచ్చిన ఆడవాళ్ళూ ఉంటారు. పత్రికల్లో వచ్చేది రాయి ఎన్ని లక్షలు పలికిందన్న మాటే. ఆ రోజు కూలి ఎంత వదులుకొని వచ్చింది, దారి ఖర్చుకు ఎవరి దగ్గర చేబదులు తీసుకుంది, రాయి దొరికితే బేరం ఎవరు మాట్లాడారు, డబ్బు ఎవరి చేతికొచ్చింది అన్న ప్రశ్నలకు జవాబు చెప్పడానికి ఈసారి ఆమె ఎదురుగానే ఉంది. ఆమె పేరు, ఊరు, తేదీ వేసి ఆ మాటలు రాసుకోవడానికి ఒక నోటుపుస్తకం చాలు.